కొనబోయి ఆగిపోయిన వాద్యాలు, మైకులు: ఏం చూసి ఆగారు? ఆదివారం లోపు నేనూ ఒకటి తేల్చుకోవాలి

వేళచ్చేరి కీబోర్డు, చెన్నై:

అందరికీ నమస్కారం. "ఏది కొనాలి" అనే ప్రశ్నలు రోజూ చూస్తూనే ఉంటాం కదా, నేను దాన్ని తిరగేసి అడుగుతున్నాను. డబ్బు సిద్ధం చేసుకుని కొనడానికి వెళ్ళి, ఏదో కారణంతో ఆగిపోయి, తర్వాత "ఆ రోజు కొనకపోవడమే మంచిదైంది" అని గట్టిగా అనిపించిన వాద్యం గానీ మైకు గానీ ఇంకేదైనా గానీ మీకు ఉందా? ఏం చూసి ఆగారో వివరంగా రాయండి. నాకు కావాల్సింది ఆ చూసే పద్ధతే.

ముందు నాది చెబుతాను. 2015 డిసెంబరు వరదలు ఇక్కడున్నవాళ్ళకు గుర్తుండే ఉంటాయి, మా వేళచ్చేరిలో కింద వాటాలన్నీ మునిగాయి. ఆ తర్వాత రెండు మూడు నెలలకు సెకండ్ హ్యాండ్‌లో కీబోర్డులు చవగ్గా రావడం మొదలైంది. కొట్టూర్‌పురంలో ఒకాయన దగ్గర మంచి అరేంజర్ కీబోర్డు (మనం వాయిస్తుంటే తాళం, పక్కవాద్యాలు తానే పలికించేది) ఉంది, షాపు ధరలో సగానికన్నా తక్కువ చెప్పారు. పెళ్ళిళ్ళకు, తెలుగు సంఘం కార్యక్రమాలకు వాయించే నాకు అది ఎన్నాళ్ళ నుంచో కావాలి. వెళ్ళాను, ఆన్ చేశాను, 61 కీలూ పలికాయి, స్పీకర్లు బాగున్నాయి, డిస్‌ప్లే వెలిగింది. అడ్వాన్సు ఇచ్చేద్దామని పర్సు తీశాను కూడా.

కేసులో పెడదామని తిరగేస్తే అడుగున స్క్రూలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. పైన కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తున్న వస్తువుకి అడుగున అంత తుప్పేమిటని ఫోన్ టార్చి వేసి కీల మధ్య సందుల్లో చూశాను. లోపల సన్నటి గీతలాగా ఎండిన బురద. ఆయన్ని అడిగితే "నీళ్ళు తగల్లేదు, మేడ మీదే ఉంది" అన్నారు. రేపు వస్తానని చెప్పి వచ్చేశాను.

రిచీ స్ట్రీట్‌లో కీబోర్డులు బాగుచేసే ఒక పెద్దాయనకు ఈ సంగతి చెబితే ఆయన వివరంగా చెప్పారు. ఒక్కో కీ కింద రబ్బరు పట్టీలో రెండు నల్ల బొట్లు ఉంటాయి, కీ నొక్కగానే ముందు ఒకటి, ఆ వెంటనే రెండోది బోర్డుకి తగులుతుంది, ఆ రెంటి మధ్య ఎంత సమయం పట్టిందో చూసే మనం మెల్లగా నొక్కామో గట్టిగా నొక్కామో కీబోర్డు తెలుసుకుంటుంది. బురద నీళ్ళు ఆరిపోయినా ఉప్పూ మట్టీ బోర్డు మీద ఉండిపోతాయి, ఇవాళ పలుకుతుంది, నాలుగు నెలల తర్వాత ఒక కీ మూగబోతుంది, ఇంకొకటి వేలు ఆనించినా ఫుల్ వాల్యూమ్‌లో అరుస్తుంది. పెళ్ళి మండపంలో మంగళసూత్రం కట్టే సమయానికి అలా జరిగితే ఏం చేస్తాం? నేను మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు. ఏడాది ఆగి కొత్తది వాయిదాల మీద కొన్నాను, ఇప్పటికీ అదే వాయిస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం. మా ఆవిడ అన్నమయ్య కీర్తనలు చాలా బాగా పాడుతుంది, పద్దెనిమిదేళ్ళ సాధన. ఇంట్లోనే రికార్డు చేసి మా ఇద్దరి ఊళ్ళలో ఉన్న పెద్దవాళ్ళకు వినిపించాలని కోరిక. ఒకాయన సెకండ్ హ్యాండ్ న్యూమన్ యూ87 మైకు 1,80,000కి ఇస్తానంటున్నారు, ఆదివారం లోపు చెప్పమన్నారు. డబ్బు ఉంది, పాప చదువుకి దాచిన దాంట్లోంచి తీయాలి. మనసు లాగుతోంది. చెప్పండి.


మైలాపూరు వయొలిన్, చెన్నై:

వేళచ్చేరి గారూ, మైకుల సంగతి నాకు తెలియదు, ఆగిపోవడం గురించి మాత్రం చెప్పగలను. ఇరవై ఆరేళ్ళ క్రితం, నేను అప్పుడప్పుడే కచేరీల్లో పక్కవాద్యం వాయించడం మొదలుపెట్టిన రోజులు. లజ్ దగ్గర ఒక పాత ఇంట్లో తాతగారి వయొలిన్ అమ్ముతున్నారని తెలిసి వెళ్ళాను. నల్లటి పాత పెట్టె, లోపల ముదురు ఎర్ర వార్నిష్. పైపలక మీది ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి చూస్తే లోపల చీటీ, దాని మీద లాటిన్‌లో స్ట్రాడివేరియస్ పేరు, క్రెమోనా ఊరు, 1721 అని సంవత్సరం. నాకు ఒళ్ళు జలదరించింది. వాళ్ళేమీ మోసగాళ్ళు కాదు, తాతగారు అలాగే చెప్పారని వాళ్ళూ నిజంగా నమ్మారు. రెండు లక్షలు అడిగారు. అప్పట్లో రెండు లక్షలంటే మా నాన్నగారు కాకినాడలో ఉన్న స్థలం అమ్మాల్సిందే, ఆయన అందుకు ఒప్పుకున్నారు కూడా.

మా గురువుగారిని తీసుకెళ్ళాను. ఆయన ఆ వయొలిన్‌ని వాయించలేదు, శ్రుతి కూడా చేయలేదు. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చీటీని భూతద్దంతో చదివి నా చేతికిచ్చారు. అడుగున చిన్న అక్షరాల్లో "మేడ్ ఇన్ జర్మనీ" అని ఉంది. స్ట్రాడివరి ఇటలీలోని క్రెమోనాలో పనిచేసి 1737లో పోయాడు, ఆయన వయొలిన్ మీద జర్మనీ పేరు ఎందుకుంటుంది? దిగుమతి సరుకు మీద ఏ దేశంలో తయారైందో రాసి తీరాలని అమెరికా 1890లో చట్టం చేసింది, అందుకని అక్కడికి ఎగుమతి చేసే ఫ్యాక్టరీలు ఆ మాట ముద్రించడం మొదలుపెట్టాయి. జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ చుట్టుపక్కల, సరిహద్దుకి అవతల బొహీమియాలో, ఇలాంటి వయొలిన్లు లెక్కలేనన్ని చేసి, ఏ నమూనాలో చేశారో చెప్పడానికి ఆ మహానుభావుడి పేరున్న చీటీ అతికించి పంపేవారు. అది దొంగతనంగా చేసింది కాదు, అప్పట్లో కొన్నవాళ్ళకు సంగతి తెలుసు, మనవల కాలానికి వచ్చేసరికి కథ మారిపోయింది.

ఇంకొకటి కూడా ఆయనే చూపించారు. వెనక పలకలో, లోపల సౌండ్ పోస్ట్ నిలబడే చోట, వెంట్రుకంత పగులు. తీగల బరువులో చాలా భాగం బ్రిడ్జి (తీగలు ఆనుకునే చెక్క ముక్క) మీంచి దిగి ఆ సన్నటి కర్రపుల్ల ద్వారా వెనక పలకకి చేరుతుంది, అక్కడ పగిలితే వయొలిన్ పైపలక విప్పి లోపల్నుంచి అతుకు వేయాలి, అంత పని తెలిసినవాళ్ళు మన దగ్గర చాలా తక్కువమంది.

నేను ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను, నిజంగానే. తర్వాత మామూలు కొత్త వయొలిన్ ఒకటి కొని, దానికి బ్రిడ్జి, సౌండ్ పోస్ట్ సరిగ్గా అమర్చి, మంచి కమాను ఒకటి విడిగా తీసుకున్నాను. కమానుకి అంత ఖర్చు పెట్టమన్నది మా గురువుగారే, మన గమకాలకు కుడిచేయి బాగా ఆడకపోతే ఎంత వయొలిన్ ఉన్నా లాభం లేదనేవారు. కాకినాడ స్థలంలో ఇప్పుడు మా తమ్ముడు ఇల్లు కట్టుకున్నాడు.

పాత వయొలిన్ చూడ్డానికి వెళ్ళే పిల్లలకు నేను చెప్పేది ఇదే: చీటీని ఆఖర్న చదవండి. ముందు పగుళ్ళు, మెడ వంపు, పెగ్గులు, తర్వాత శబ్దం, అదీ తొందరపడకుండా.


మడివాళ గిటారు, బెంగళూరు:

అన్నా, చాలా మంచి ప్రశ్న. నా దగ్గర రెండున్నాయి.

మొదటిది యాంప్, అంటే గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె. మా కజిన్ న్యూజెర్సీ నుంచి తిరిగొచ్చేస్తూ ఫెండర్ ట్విన్ రివర్బ్ ఇచ్చేస్తా అన్నాడు, కంటైనర్‌లో సామాన్లతో పాటు వచ్చేస్తుంది, షిప్పింగ్ ఖర్చు కూడా లేదు. నేను ఎగిరి గంతేశాను. రూమ్మేటు ఎలక్ట్రికల్ ఇంజినీరు, వాడు రెండే ప్రశ్నలు వేశాడు, ఎంత వోల్టేజి, ఎంత బరువు అని. అది అమెరికా మోడల్, 120 వోల్టుల మీద నడుస్తుంది, మన దగ్గర 230. కనీసం 500 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టుకోవాలి, అది వోల్టేజి తగ్గిస్తుంది కానీ 50 హెర్ట్జ్‌ని 60 చేయదు, కాబట్టి 60కి లెక్కేసి చేసిన యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ ఇంకొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. ఎవరైనా తెలియక నేరుగా ప్లగ్గు పెడితే అక్కడితో అయిపోయినట్టే. బరువు 29 కిలోలు, మాది లిఫ్టు లేని మూడో అంతస్తు. అన్నిటికన్నా పెద్ద సంగతి, అది 85 వాట్ల వాల్వ్ యాంప్, దాని అసలు అందం వాల్యూమ్ పెంచితేనే వస్తుంది. బీటీఎం పక్కన గోడకు గోడ ఆనుకుని ఉండే ఫ్లాట్లలో దాని వాల్యూమ్ రెండు దాటించగలనా? కజిన్ దాన్ని అక్కడే ఒక చర్చి బ్యాండుకి ఇచ్చాడు, ప్రతి ఆదివారం వాయిస్తున్నారట. దానికి తగ్గ చోటు అదే.

రెండోది గిబ్సన్ లెస్ పాల్, 95 వేలు. ఇందిరానగర్‌లో కాఫీ షాపులో కలుద్దామన్నారు. 2003లో కొత్తది కొన్నానని చెప్పాడాయన, బాక్సు కూడా ఉంది. చేతిలోకి తీసుకుంటే బరువు, పాలిష్ అన్నీ బాగానే అనిపించాయి. నేను ముందు రోజు రాత్రంతా చదువుకుని వెళ్ళాను కాబట్టి తలభాగం మీద, ట్రస్ రాడ్‌ని (మెడ లోపల ఉండే ఇనుప కడ్డీని) కప్పే చిన్న ప్లాస్టిక్ మూత చూశాను. గిబ్సన్‌కి ఆ మూత రెండు స్క్రూలతో ఉంటుంది, నకిలీల్లో చాలావాటికి మూడు ఉంటాయి. దీనికి మూడు. సరే, ఎవరైనా మూత మార్చి ఉండొచ్చు కదా అని వెనక సీరియల్ నంబరు చూశాను. 1977 నుంచి 2005 దాకా వాళ్ళ మామూలు మోడళ్ళకు ఎనిమిది అంకెల నంబరు, అందులో మొదటి అంకె, ఐదో అంకె కలిపితే సంవత్సరం, మధ్యలోని మూడు అంకెలు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. ఇందులో మొదటిది 9, ఐదోది 1. అంటే 1991. 2003లో కొత్తగా కొన్న గిటారుకి 1991 నంబరా? ఆయన్ని నిలదీయాలనిపించలేదు, ఆయన కూడా ఎవరి దగ్గరో మోసపోయి ఉండొచ్చు. క్షమించండి, తీసుకోలేను అని చెప్పి కాఫీ డబ్బులిచ్చి వచ్చేశాను.

మీ యూ87 విషయంలో కూడా మొదట ఇదే చూడండి అన్నా. ఆ మైక్‌కి నకిలీలు బోలెడు తిరుగుతున్నాయి. బిల్లు అడగండి.


వైట్‌ఫీల్డ్ డ్రమ్స్, బెంగళూరు:

నాది చిన్నది. అపార్ట్‌మెంట్ కదా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకోవచ్చు అని ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ కొనబోయాను. మెష్ ప్యాడ్లు కాబట్టి చప్పుడు ఉండదన్నారు, అది నిజమే, చేతులతో కొట్టేవి నిజంగానే నిశ్శబ్దం. కానీ కాలితో కొట్టే కిక్ పెడల్ దెబ్బ గాలిలో పోదు, నేల ద్వారా పోతుంది. కొనేముందు స్నేహితుడి ఇంట్లో వాడు వాయిస్తుంటే నేను కింది ఫ్లాటులో కూర్చుని విన్నాను, పైన ఎవరో రోకలితో దంచుతున్నట్టే ఉంది, ఆ ఇంట్లో ఆరు నెలల పసిబిడ్డ ఉంది. కొనలేదు. ప్రాక్టీస్ ప్యాడ్ ఒకటి 1,500కి తీసుకుని రుడిమెంట్స్ (చేతి దెబ్బల ప్రాథమిక పాఠాలు) చేసుకుంటున్నాను, శనివారాలు గంట లెక్కన జామ్ రూము అద్దెకు తీసుకుంటున్నాను. చేతులు మునుపటికన్నా బాగుపడ్డాయి.


నంగనల్లూరు వీణ, చెన్నై:

మాది బొబ్బిలి దగ్గర ఊరు. అమ్మ దగ్గరే వీణ నేర్చుకున్నాను, అమ్మ వీణ గొల్లపల్లిలో చేయించింది, పనస చెక్కతో ఏకాండి. ఏకాండి అంటే కుండ, దండి అన్నీ ఒకే దుంగలోంచి తొలిచి తీసినది, అతుకు ఉండదు.

ఆరేళ్ళ క్రితం ఒక మధ్యవర్తి పాత తంజావూరు వీణ ఒకటి చూపించాడు. అంత అందమైన వీణ నేను మళ్ళీ చూడలేదు. యాళి (సింహంలాంటి కల్పిత మృగం) ముఖం, అంచు పొడుగునా తెల్లటి పని, లతలు, హంసలు. నాదం కూడా గొప్పగా ఉంది, మంద్రం తీగ మీటితే గది నిండిపోయింది. మూడున్నర లక్షలు. మా వారు సరే అన్నారు. ఆ తెల్ల పని ఏమిటని అడిగాను. "దంతం అమ్మా, అసలైన ఏనుగు దంతం, ఇప్పుడు ఎక్కడా దొరకదు" అని గొప్పగా చెప్పాడు. ఆ మాటతోనే నేను ఆగిపోయాను. మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారం 1986లో నిషేధించారు, ఆఫ్రికా దంతం కూడా 1991లో ఆపేశారు. పాతది కదా అనడానికి లేదు, డబ్బిచ్చి కొనడమే నేరం. చట్టం ఒకటే కాదు, ఆ హంసలు చూసినప్పుడల్లా ఆ ఏనుగు గుర్తొస్తే నేను దాని మీద ఏం వాయించగలను? మా గురువుగారు కూడా అదే అన్నారు. పాత వీణ కొనేవాళ్ళు అంచు పని దేనితో చేశారో తప్పకుండా అడగండి, ఇప్పుడు చేసేవాళ్ళు ప్లాస్టిక్ వాడుతున్నారు, దాంతో చిక్కు లేదు.

ఆ డబ్బులో పదో వంతు కూడా కాకుండా అమ్మ వీణకి మేళం కట్టించాను, అంటే మెట్లన్నీ మళ్ళీ శ్రుతికి అమర్చించాను. ఇది చాలామంది పట్టించుకోరు. 24 మెట్లూ మైనం మీదే కదా కూర్చునేది, తేనె మైనంలో బొగ్గుపొడి కలిపి పోస్తారు, మన చెన్నై ఎండలకు అది మెత్తబడి మెట్లు కొంచెం కొంచెంగా జరుగుతాయి. ఎండలో కారులో ఒక గంట వదిలేసినా చాలు. నేను రెండేళ్ళుగా వీణ పాతదైపోయింది, అపస్వరం పలుకుతోంది, కొత్తది కావాలి అనుకుంటూ ఉన్నాను. పనాయన మా ఇంటికే వచ్చి రెండు రోజులు కూర్చుని మైనమంతా తీసి మళ్ళీ పోసి, ఒక్కొక్క మెట్టూ చెవితో చూసుకుంటూ నిలబెట్టారు. సాయంత్రం మోహనం మీటితే అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. అది ఆవిడ చిన్నప్పటి నాదం.


ట్రిప్లికేన్ మృదంగం, చెన్నై:

అందరూ ఆగడమే మంచిదన్నట్టు రాస్తున్నారు, నేను పూర్తిగా ఒప్పుకోను. నాకు ఆగి నష్టపోయిన అనుభవం ఉంది. మా మృదంగం కట్టే పెద్దాయన పదేళ్ళు ఆరబెట్టిన పనస కట్టె ఒకటి నాకోసం పక్కన పెట్టారు. "ఇప్పుడు తీసుకో, మళ్ళీ ఇలాంటిది రాదు" అన్నారు. నేను జీతం పెరిగాక చూద్దాం అన్నాను. మూడు నెలలకు ఆయన కాలం చేశారు, ఆ కట్టె ఎవరి దగ్గరకు పోయిందో తెలియదు. అలాంటి చెక్క మళ్ళీ నా చేతికి రాలేదు. మంచి మనిషి చేతి పని ఎదురుగా ఉన్నప్పుడు, ఆయన ఉన్నప్పుడే తీసుకోవాలి.

ఆగి మంచి జరిగింది కూడా ఒకటి ఉంది. అన్ని శ్రుతులకూ ఒకటే చాలు అని బోల్టులు బిగించే మృదంగం ఒకటి చూపించారు, స్పానర్‌తో బిగిస్తే శ్రుతి పెరుగుతుంది. ఇంట్లో సాధనకు, ప్రయాణాలకు అది మంచి వస్తువే, నేను కాదనను. కానీ నాకు మగ గాయకులకు ఒకటి, ఒకటిన్నర శ్రుతికి వాయించాలి, గాయనులకు ఐదు, ఐదున్నరకు వాయించాలి. అంత తేడా ఒకే కట్టెతో రాదు, సాగదీస్తే రావచ్చు గానీ నాదం చచ్చిపోతుంది. వార్లతో బిగించే మృదంగాలు రెండు పెట్టుకున్నాను. డిసెంబరు తేమకి చర్మం దిగిపోతుంది, కచేరీకి గంట ముందే వెళ్ళి రాయీ పుల్లా పట్టుకుని కూర్చుంటాను, ఆ గంట నాకు కచేరీలో భాగమే.


మడివాళ గిటారు, బెంగళూరు:

ట్రిప్లికేన్ అన్నా, ఆ కట్టె సంగతి చదివి మనసుకు ఎలాగో అయింది.


వడపళని సౌండ్, చెన్నై:

వేళచ్చేరి గారూ, మీ మైకు ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి, ఇది నా పని. ఇరవై రెండేళ్ళుగా ఈ చుట్టుపక్కల స్టూడియోల్లో రికార్డింగ్ చేస్తున్నాను.

యూ87 గొప్ప మైకు, అందులో సందేహం లేదు. 1967 నుంచి ఉంది, స్టూడియోల్లో లెక్కలేనన్ని గొంతులు దాని ముందే పాడాయి. అందుకే దాన్ని మీ హాల్లో పెట్టొద్దు. అది కండెన్సర్ మైకు, గుసగుస కూడా వదలదు, మీ ఆవిడ గారి గొంతుని ఎంత శ్రద్ధగా వింటుందో మీ ఫ్రిజ్‌ని, ఫ్యానుని, కింద నీళ్ళ మోటారుని, వేళచ్చేరి మెయిన్ రోడ్డు బస్సుల్నీ అంతే శ్రద్ధగా వింటుంది. దానికన్నా పెద్ద ఇబ్బంది గది. గచ్చు నేల, నాలుగు ఖాళీ గోడలు, సిమెంటు కప్పు ఉన్న గదిలో గొంతు గోడలకు తగిలి తిరిగొచ్చి మళ్ళీ మైకులోకి వెళ్తుంది. ఆ డబ్బా శబ్దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు. స్టూడియోలో ఆ మైకు బాగా పలకడానికి సగం కారణం ఆ గది, ఆ గదికి పెట్టిన ఖర్చు మైకు ఖర్చుకి ఎన్నో రెట్లు.

నేనూ 2009లో ఇదే మైకు సొంతానికి కొనబోయాను, అప్పటికి నాకు కోడంబాక్కంలో చిన్న అద్దె గది ఉంది. నా సీనియర్ ఒకాయన ఆపారు. ముందు ఆ గదిలో అర నిమిషం ఏమీ పాడకుండా రికార్డు చేసి హెడ్‌ఫోన్స్‌లో విను, తర్వాత కొను అన్నారు. విన్నాను. పక్కింటి టీవీలో వార్తలు చదివే ఆవిడ మాటలు అర్థమయ్యాయి. కొనలేదు. ఆ డబ్బులో పావు వంతుతో గది బాగుచేసుకున్నాను.

మీరు చేయాల్సింది ఇది. నన్ను నమ్మి కొనడం మానేయమని అనను, ఆదివారం లోపు చేసి చూడండి. ఎవరి దగ్గరైనా షూర్ ఎస్ఎం58 లాంటి స్టేజీ మైకు అడిగి తెచ్చుకోండి, పెళ్ళిళ్ళకు వాయించేవారు కాబట్టి మీకు తేలిగ్గానే దొరుకుతుంది. హాలు వదిలేసి పడకగదికి వెళ్ళండి, మంచం, పరుపు, బట్టలున్న బీరువా ఉన్న గది ఎప్పుడూ మేలు. పాడే మనిషి వెనక, రెండు పక్కలా మందపాటి బొంతలు వేలాడదీయండి. మనిషి వెనక బొంత ఎందుకంటే మైకు చూసేది ఆ వైపే, గోడకి తగిలి వచ్చే శబ్దం అటునుంచే నేరుగా మైకులోకి వస్తుంది. మైకుని నోటికి జానెడు దూరంలో, సరిగ్గా ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి తిప్పి పెట్టండి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయండి, తర్వాత ఫ్రిజ్ ఆన్ చేయడం మర్చిపోకండి. తెల్లవారుజామున ఐదింటికి చేయండి.

గోడకు అతికించే సన్నటి నల్ల ఫోమ్ కొనొద్దు, అది కూడా నేను చాలామందిని ఆపిన వస్తువే. అంగుళం ఫోమ్ పైస్వరాల మెరుపు మాత్రమే తాగేస్తుంది, కింది గుమగుమ అలాగే ఉంటుంది, గొంతు దుప్పట్లో చుట్టినట్టు తయారవుతుంది. గది బాగుచేయాలంటే రెండంగుళాల పైన మందం ఉన్న రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) పలకలు చెక్క ఫ్రేములో పెట్టి గుడ్డతో పూర్తిగా కప్పాలి, దాని నూగు ఒంటికి తగిలితే దురద పెడుతుంది. ఫ్రేము వెనక గోడకి నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి.

ఒక్క మాట, పాత ఫైర్‌వైర్ (ఒకప్పటి కేబుల్ పద్ధతి) ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకుని కంప్యూటరుకి కలిపే పెట్టె, ఎవరైనా చవగ్గా ఇస్తామంటే వద్దనండి. బాక్సు బంగారంలా ఉండొచ్చు, దానికి తగ్గ కొత్త కంప్యూటరు దొరకడం కష్టం. 2025లో యాపిల్ కంప్యూటర్లకు వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహోలో ఆ సపోర్టు పూర్తిగా తీసేశారు. నా దగ్గర ఒకటి దాని కోసమే ఉంచిన పాత మ్యాక్‌తో ఇంకా నడుస్తోంది, అది పోయిన రోజు ఇదీ పోతుంది.


మైలాపూరు వయొలిన్, చెన్నై:

వడపళని గారూ, మా పిల్లల పాఠాలు రికార్డు చేసేటప్పుడు కూడా ఈ బొంతల పద్ధతి పనికొస్తుందా? వయొలిన్‌కి మరీ పొడిగా అయిపోతుందేమో.


వడపళని సౌండ్, చెన్నై:

అవునమ్మా, వయొలిన్‌కి కొంచెం గది గాలి కావాలి. మీరు రెండు బొంతలు తీసేసి వెనకది ఒక్కటే ఉంచండి, మైకుని మూడు నాలుగు అడుగుల దూరంలో, వయొలిన్ కన్నా ఎత్తులో పెట్టండి.


వేళచ్చేరి కీబోర్డు, చెన్నై:

అందరికీ ధన్యవాదాలు. వడపళని గారు చెప్పినట్టు చేశాం. ముందు హాల్లో అర నిమిషం ఖాళీగా రికార్డు చేసి విన్నాను, ఫ్రిజ్ మూలుగు, ఎక్కడో కుక్కర్ కూత, దూరంగా రైలు. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాను, ఇన్ని చప్పుళ్ళున్నాయని తెలియలేదు.

ఈ రోజు పొద్దున్న ఐదింటికి పడకగదిలో, మా అత్తగారు కుట్టిన పాత బొంతలు మూడు బట్టల తీగకు వేలాడదీసి, మా ఆర్కెస్ట్రాలో పాడే అబ్బాయి ఇచ్చిన స్టేజీ మైకుతో ఒక కీర్తన రికార్డు చేశాం. ఫోన్‌లో తంబూరా యాప్ హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుంది. మొదటిసారి ఆగిపోయింది, రెండోసారి పూర్తిగా పాడింది. విన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఇది నా గొంతే" అంది. ఇంతకుముందు ఫోన్‌లో చేసిన రికార్డింగులు వింటే ఎప్పుడూ "ఇది నేను కాదు" అనేది. విజయవాడలో మా మామగారికి పంపాం, ఆయన మధ్యాహ్నం ఫోన్ చేసి చరణంలో ఒక సంగతి సరిదిద్దారు.

మైకు ఆయనకు వద్దని చెప్పేశాను, బిల్లు అడిగితే అది ఎక్కడో ఉంది వెతకాలి అన్నారు. పాప చదువు డబ్బు అలాగే ఉంది.

వడపళని గారూ, రాక్‌వూల్ పలకలు విడిగా నాలుగే కావాలంటే చెన్నైలో ఎవరిస్తారు? అడిగినచోటల్లా బండిల్ తీసుకోమంటున్నారు.


వడపళని సౌండ్, చెన్నై:

ఏసీ డక్టుల పని చేసేవాళ్ళని అడగండి, పని అయ్యాక మిగిలిన పలకలు వాళ్ళ దగ్గర ఉంటాయి. 48 డెన్సిటీ (ఘనపు మీటరుకి 48 కిలోలు) అని చెప్పండి. తెచ్చేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, మాస్కు వేసుకోండి. ఫ్రేములు చేసే రోజు ముందుగా చెబితే నేను వస్తాను, వేళచ్చేరి నాకు దగ్గరే.